మెర్సీ పాటలకు ప్రింటర్

కట్టంగూర్‌లో జానీ మైక్‌సెట్ లేనిదే పెళ్లి జరగదు, చర్చి కూడిక జరగదు. ఊరి పనులంటే ఉరుకులు పెట్టే ఆ మహానుభావుడికి ఇంటి పని మాత్రం ఎప్పుడూ రేపే.

భార్య మెర్సీ టీచర్. బడిలో మూలన పడేసిన పాతకాలపు కంప్యూటర్‌ను అడిగి ఇంటికి తెచ్చుకుంది. దానికి తెర ఇంట్లోని టీవీయే. టైపు కొట్టింది దాచుకోవడానికి టేప్‌రికార్డరూ క్యాసెట్టూ. జబ్బుపడి ఇంటిపట్టున ఉన్నన్నాళ్లు తాను కట్టిన దేవుని పాటలన్నీ అందులో కొట్టి పెట్టుకుంది. ఎవరికీ వినిపించలేదు, కాగితం మీదికి వచ్చాకే పాడతానని పట్టు. "ప్రింటర్ ఎప్పుడు కలుపుతవ్?" అని అడిగితే జానీ, "పెండ్లిళ్ల సీజన్ అయిపోనీ" అనేవాడు. సీజన్ అయ్యేలోపే ఆమె పోయింది.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. వచ్చినవాళ్లందరి చేతుల్లో ఆ పాటలు పెట్టాలని జానీకి పంతం పుట్టింది. మూతపడ్డ పత్తి దుకాణం నుంచి పాత ప్రింటర్ తెచ్చాడు. దాని పిన్నులకూ కంప్యూటర్ పిన్నులకూ పొత్తు కుదరకపోతే తీగ తీగకూ టంకం వేసుకుంటూ కూర్చున్నాడు. టేప్‌రికార్డర్‌లో సాగిపోయిన బెల్టు మార్చాడు. చివరికి ఒక వరుస కొట్టి చూస్తే, ప్రింటర్ గరగరమంటూ దాన్ని కాగితం మీదికి దించింది. జానీ సంబరం పట్టలేక మెర్సీ అక్క సాలమ్మను కేకేశాడు.

"వదినె, జర ఇటు రా! నీ చెల్లె పాటలు వస్తున్నయ్."

క్యాసెట్ తిప్పాడు. టీవీ మీద ఏమీ రాలేదు. మళ్లీ తిప్పినా రాలేదు. క్యాసెట్‌లో ఏముందో విందామని టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు పోయే తీగ పీకేశాడు. కంప్యూటర్ దాచిన అక్షరాలు వినబోతే కీచుమనే మోతే రావాలి, కానీ క్యాసెట్‌లోంచి అతని గొంతే వచ్చింది. "హలో, హలో, మైక్ టెస్టింగ్..."

బెల్టు మార్చిన రోజు, ఏ మిషన్ ముట్టుకున్నా చేసే అలవాటు కొద్దీ, లోపలున్న క్యాసెట్ మీదే రికార్డు మీట నొక్కి ఆ మాట అన్నాడు. బెల్టు జారుతుందేమో చూద్దామని రికార్డులోనే ఆ వైపంతా తిరగనిచ్చాడు. పాటలున్నది ఆ వైపే.

"గిది నీ గొంతు గదా జానీ? మెర్సీ పాటలేవి?"

"నేనే తుడిచేసిన వదినె. నా చేతుల్తోనే."

సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి, "పోనీ, ఒక్క ముక్కన్న యాదికున్నదా? నీ ముంగటనే కొట్టేది గదా" అని ఆశగా అడిగింది.

"ముంగటనే కొట్టేది" అన్నాడు జానీ. "గా టీవీ మీద పాట కనపడుతుంటే, జర వార్తలు పెట్టు అంటుంటి వదినె. ఒక్కనాడు సదవలేదు."