వియ్యపురాలి తప్పులు

మా వియ్యపురాలికి రంగులు తెలియవంటే నమ్ముతారా? చీరాలలో పుట్టి మగ్గాల మధ్య పెరిగిన మనిషి. అయినా మా ఇంటికొచ్చినప్పుడల్లా నా మనవరాలి ముందు అన్నీ తప్పులే చెప్పేది.

సంచిలోంచి రంగురంగుల నూలుపోగులు తీసి చాప మీద పరిచేది. ఎర్రపోగు ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి, "ఇది ఆకుపచ్చే కదూ?" అనేది. నాలుగేళ్ళ పిల్ల గంతులేస్తూ, "కాదు అమ్మమ్మా, ఎరుపు!" అని అరిచేది. ఆవిడ నెత్తి కొట్టుకుని, "అయ్యో, మళ్ళీ తప్పేనా!" అనేది. ఇక ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

నాకు కడుపు మండిపోయేది. పిల్లకి రోజూ స్నానం చేయించేది నేను, అన్నం పెట్టేది నేను. రంగుల పుస్తకం కొని తెచ్చి, "ఇది ఎరుపు, ఏదీ చెప్పు" అంటే నా మొహం మీదే ఆవులించేది.

"మీరూ రండి వదినగారూ, ఆడదాం" అని పిలిచేది ఆవిడ.

"కల్లంలో మిరపకాయలు తిరగెయ్యాలండీ" అనేసి బయటికొచ్చేదాన్ని. కల్లానికి మాత్రం వెళ్ళేదాన్ని కాదు. కిటికీ పక్కన నిలబడి వాళ్ళ నవ్వులు వినేదాన్ని.

ఒకసారి ఆవిడ అలా రైలెక్కగానే పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. బాగా పండిన టమాటా ఒకటి ఎత్తి పట్టుకుని, అచ్చం ఆవిడలాగే కళ్ళు చికిలించి, "ఇది ఆకుపచ్చే కదూ?" అన్నాను.

పిల్ల నవ్వలేదు. టమాటా వంకా, నా వంకా చూసి, జాలిగా నా చెంప నిమిరింది.

"నీకు రంగులు రావా నానమ్మా? అమ్మమ్మ వచ్చాక నేర్పిస్తుందిలే."