అమ్మకన్నా ముందుగా

నా గర్భసంచి తీసేసినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. మేముండే తమిళనాడు ధర్మపురి ఊళ్లోనే, ఒక లేడీ డాక్టరు నడిపే చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ జరిగింది. అంతకుముందు ఏడాది పైగా రక్తం పోతూనే ఉండేది. మేడమెట్లు ఎక్కితే కళ్లు తిరిగేవి. లోపల గడ్డలున్నాయి, సంచి తీసేయడం తప్ప దారి లేదు అని డాక్టరమ్మ చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు దిగులు కలగలేదు. ఇద్దరు పిల్లలున్నారు, చాలు. నెలనెలా వెనక వసారాలో చాప వేసుకుని విడిగా కూర్చునే బాధ తప్పుతుంది కదా అని లోలోపల సంతోషపడ్డాను కూడా.

మాది చింతపండు వ్యాపారం. పెన్నాగరం వైపు పల్లెల నుంచి కాయ బస్తాల్లో దిగేది. ఇంటి ముందు రేకుల పందిరి కింద ఆడవాళ్లు కూర్చుని పెంకు ఒలిచి, గింజ తీసి, పండును ముద్దలు కట్టేవాళ్లు. మా ఆయన బేరాల మీద తిరుగుతుంటే పందిరి కింద పని నేను చూసుకునేదాన్ని. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, అలాగే పెరిగాం, అలాగే బతికాం.

ఆపరేషన్ తర్వాత నన్ను చూసుకోవడానికి మా పుట్టినూరు ఏ. పళ్లిపట్టి నుంచి అమ్మ వచ్చింది. అమ్మకు పదిహేనో ఏట నేను పుట్టాను. ఇద్దరం పక్కపక్కన నడుస్తుంటే అక్కాచెల్లెళ్లా అని అడిగినవాళ్లున్నారు. రాగిసంగటి కెలికి, ఆకుకూర పులగూర చేసి, నా ముందు పెట్టి తినేదాకా కదిలేది కాదు. అలాంటి మనిషి, నాకింకా కుట్ల నొప్పి తగ్గకముందే, ఒక పొద్దున సంచీ సర్దుకుని నిలబడింది.

"పోయొస్తా పాపా. ఊర్లో పని ఉండాది."

"ఏం పనమ్మా? నాయన ఏమన్నా చెప్పి పంపినాడా?"

"పనంటే పనే. వారం దినాల్లో మళ్లా వస్తాను."

చెప్పినట్టే వచ్చింది. మళ్లీ కొన్నాళ్లకు అలాగే హఠాత్తుగా బస్సెక్కింది. నా మనసు చివుక్కుమంది గానీ, అక్కడ ఇల్లు, గొడ్లు, నాన్న ఉన్నారు కదా అని సర్దుకున్నాను.

నాలుగైదు నెలలు గడిచాయి. శివరాత్రి వెళ్లిన కొత్త. ఇంకా ఎండలు ముదరలేదు. పందిరి కింద కూర్చుని ముద్దలు చూస్తున్నాను. ఉన్నట్టుండి రొమ్ముల మధ్య నుంచి వేడి పుట్టింది. పొయ్యి మీది కుండ మూత తీసినట్టు మెడకు, చెంపలకు, చెవులకు ఎక్కింది. గుండె దడదడ కొట్టుకుంది. క్షణంలో రవిక వీపంతా తడిసిపోయింది. పక్కనున్నవాళ్లు చల్లగా కబుర్లాడుకుంటున్నారు. ఎవరి ముఖం మీదా చెమట బొట్టు లేదు. ప్రాణం పోతోందనుకున్నాను. లేచి పెరట్లోకి వెళ్లి, తొట్టిలో నీళ్లు చెంబుతో నెత్తిన పోసుకున్నాను. అంతలోనే వేడి దిగిపోయి చలి పట్టుకుంది. తడి చీరతో గోడకు ఆనుకుని వణుకుతూ నిలబడ్డాను.

అది మొదలు. పొయ్యి దగ్గర వచ్చేది. బస్సులో వచ్చేది. కోవెల్లో హారతి కళ్లకద్దుకుంటుంటే వచ్చేది. నిద్రలో చెమటకు దిండు తడిసి మెలకువ వచ్చేది. పిల్లలు గ్లాసు కింద పడేస్తే అరిచేదాన్ని, అరిచినందుకు ఏడ్చేదాన్ని. మా ఆయన జ్వరమనుకుని మాత్రలు తెచ్చాడు. కుట్లు లోపల చీము పట్టాయేమో, ఒళ్లంతా విషమెక్కుతోందేమో అని నా భయం. చివరికి ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె నా పొట్ట నొక్కి చూసింది. కుట్లు చక్కగా మానాయంది. తర్వాత తమిళంలో ఒక్కొక్కటే అడిగింది. నిద్ర పడుతోందా, గుండె దడగా ఉంటోందా, ఊరికే కోపం వస్తోందా, భర్త దగ్గరకు వస్తే నొప్పిగా ఉంటోందా. మా ఇంట్లో ఉండి చూసినట్టే అడిగింది. అన్నిటికీ తలూపాను.

"ముట్టు ఆగిపోయే దశ మీకు ముందే వచ్చినట్టుంది" అంది.

"ఆపరేషన్‌తోనే ఆగిపోయింది కదా డాక్టర్" అన్నాను. ఆమె పొరపాటు పడిందనుకున్నాను.

ఆమె ఒక కాగితం ముక్క మీద సంచి బొమ్మ గీసింది. దానికి రెండు పక్కలా రెండు చిన్న సున్నాలు చుట్టి, వాటిని 'ముట్టై పై' అంది. అంటే గుడ్ల సంచి. కోడికి తప్ప మనిషికి గుడ్లుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నిజంగా తెలియదు.

"గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, అంతే. ఒంట్లో వేడి, నిద్ర, ఎముకల బలం ఇవన్నీ ఈ రెండిటి వల్ల. మీకు ఎడమ పక్కది గడ్డకు అతుక్కుపోయి ఉండింది, దాన్నీ తీయాల్సి వచ్చింది. కుడి పక్కది ఉంచాను. ఒక్కటే సరిపోతుందనుకున్నాను. అది కూడా మందగించినట్టుంది."

"తీసేసినారా? నాకెవరూ చెప్పలేదే."

ఆమె ముఖం మారింది. "మీ ఇంటాయనకు ఆ రోజే చెప్పాను. ఆయన మీతో అనలేదా?"

బల్ల మీద ఆమె గీసిన బొమ్మ నా కళ్ల ముందే ఉంది. నా కడుపులోంచి ఏం తీశారో ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు. నాకు తెలియదు. "కుడి పక్కది కూడా ఆగిపోవడం ఖాయమేనా?" అని మాత్రం అడగగలిగాను.

"ఖాయంగా చెప్పలేను. మామూలు ఆడవాళ్లకైతే నెలసరి తప్పుతూ వచ్చి ఆగిపోతుంది, దాన్ని బట్టి తెలుస్తుంది. మీకు ఆ గుర్తు లేదు. కొందరికి కొన్నాళ్లు ఇలా ఉండి, మిగిలింది మళ్లీ సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు. రక్త పరీక్షకు వెల్లూరు దాకా పోవాలి. పోయినా, ఇప్పుడు చేసే వైద్యంలో పెద్ద తేడా ఉండదు. చూద్దాం. భయపడకండి, ఈ వేడి ప్రాణం తీసేది కాదు."

ఎముకల బలానికి మాత్రలు రాసి, పాలు తాగమంది. ఇంటికి ఏ వీధుల్లోంచి నడిచొచ్చానో గుర్తులేదు. ముట్టు ఆగడం అంటే నాకు తెలిసినంతలో తల నెరిసినవాళ్ల సంగతి. మా మేనత్త ఒకామె విసనకర్ర చేతిలో లేకుండా కూర్చునేది కాదు, ఆమెను చూసి మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం. నాకింకా ఒక్క తెల్ల వెంట్రుక లేదు. మా ఆయన ఆ మధ్యే నాకు ఆ రంగు బాగుంటుందని ముదురాకుపచ్చ చీర తెచ్చాడు.

ఆయన ఇంటి పక్క గోడౌనులో బస్తాలు తూకం వేయిస్తున్నాడు. పనివాళ్లు టీకి వెళ్లేదాకా ఆగాను.

"నాకు గర్భసంచితో కూడా ఇంకోటి తీసినారంట. మీకు తెలుసంట."

ఆయన తలుపు వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడు."

"ఏంటికి చెప్పలేదు?"

"నువ్వప్పుడు మత్తులో ఉండావు. లేసినాంక చెప్దామనుకుంటి. ఎట్ల చెప్పేది? ఆడోళ్ల సంగతి, నాకే సరిగ్గా అర్థం కాలేదు." తూకం రాళ్లు సర్దుతూ, "మీ అమ్మకు చెప్పినాను గదా. ఆమె చెప్తాదనుకుంటి. చెప్పలేదా?" అన్నాడు.

అమ్మకూ తెలుసు. నాకు సంగటి తినిపిస్తూ, తల దువ్వుతూ, నా పక్కనే పడుకున్న మనిషికి తెలుసు.

ఆ తర్వాత అమ్మ వచ్చినప్పుడు, చెప్పులు విడవకముందే అడిగాను. గుమ్మంలోనే ఆగిపోయింది.

"నోరు రాలేదు పాపా. ఇంకా చిన్నదానివి. ఏమీ కాకుండా పోతాదిలే అనుకుంటిని."

"అయింది. వేడికి కాలిపోతుండాను. ఒక్క మాట చెప్పుంటే ఇంత భయపడుండనే."

చెప్పులు విడిచి వంటింట్లోకి పోయింది. రెండు రోజులుండి, మూడో పొద్దున మళ్లీ సంచీ సర్దుకుంది. ఈసారి ఆగమని నేను అనలేదు. తప్పు చేసినందుకు నా ముఖం చూడలేక పారిపోతోందనుకున్నాను. బస్టాండు దాకా కూడా వెళ్లలేదు.

మా ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతూ కొన్ని నెలలు గడిపాను. తర్వాతిసారి డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరుతుంటే తనూ వస్తానన్నాడు. ఎప్పుడూ బయట బెంచీ మీద కూర్చునే మనిషి, లోపలికొచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. చెవులు ఎర్రబడుతున్నా, అడగాల్సినవన్నీ అడిగాడు. ఇంటికొచ్చాక మా మంచం కిటికీ పక్కకు జరిపాడు. ఆ రోజు నుంచి మా మధ్య మామూలు మాటలు మొదలయ్యాయి.

మరుసటి ఏడు మా అమ్మాయి పెద్దమనిషైంది. కబురందగానే పళ్లిపట్టి నుంచి మా తమ్ముడు పచ్చి కొబ్బరి మట్టలు తెచ్చి, పెరట్లో గుడిసె కట్టాడు. మేనమామ కట్టిన ఆ గుడిసెలో పిల్లను కూర్చోబెట్టాం. అమ్మ కూడా తమ్ముడితో వచ్చింది. పిల్లకు ఉద్దిపిండిలో, అదే మినప్పిండిలో, నువ్వులనూనె కలిపి తినిపించింది, పాటలు పాడింది. మా ఇద్దరి మధ్య ఇంకా బిగువుగానే ఉన్నా, ఆ పనుల్లో పడి కలిసిపోయాం.

పసుపు నీళ్లు పోసే రోజు పొద్దున ఇల్లంతా చుట్టాలు. మొదట అమ్మమ్మ పోయాలి. అమ్మ కనబడలేదు. కడుపు నొప్పి, పడుకుంటుంది, మీరు కానియ్యండి అని తమ్ముడితో చెప్పి పంపింది. మనవరాలి నీళ్లకు కూడా తప్పుకుంటోందా అని నాకు మండుకొచ్చింది. వెతుక్కుంటూ గోడౌను వెనక, ఖాళీ గోనెలు పెట్టే గదిలోకి వెళ్లాను. ఒక మూల గోనె మీద ముడుచుకుని కూర్చుని ఉంది.

"లే అమ్మా. అందరూ కాచుకోనుండారు."

"దగ్గరికి రావద్దు."

"ఏమైంది?"

తల వంచుకుంది. గొంతులోనే గొణిగింది. "బయట ఉండాను."

మొదట నాకు అర్థం కాలేదు. బయట ఉండడం అంటే మా ఇళ్లలో ఒకే అర్థం. కానీ ఆ మాట అమ్మ నోట్లోంచి వస్తుందని నేను ఊహించలేదు. అమ్మకు యాభై దాటింది.

"నీకు ఇంకా వస్తాదా అమ్మా?"

"నెల తప్పకుండా వస్తాది. ఏం చేసేది? కూతురికి నిలిచిపోయె, తల్లికి నిలవలేదు. నీ ఎదుట ఎట్ల కూర్చునేది నేను? మీ ఆయన ఆ సంగతి చెప్పిన దినం నుంచి దినాలు లెక్క చూసుకోని బస్సెక్కుతుంటిని. ఈసారి ముందుగా వచ్చేసె."

ఇన్నాళ్లూ నేను పారిపోవడం అనుకున్నది ఇదా. ఇంతలో లోపల నుంచి ఆ వేడి లేచింది. చెంపలు కాలిపోయాయి, నుదుటి నుంచి చెమట కారి కళ్లలో పడింది. గోడ పట్టుకున్నాను. అమ్మ నన్ను ఆ స్థితిలో చూడడం అదే మొదలు. గబుక్కున లేచి, కొంగుతో విసరడానికి చెయ్యెత్తి, అంతలోనే తాకకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆ చెయ్యి నేనే పట్టుకున్నాను.

"తాకొద్దు పాపా. నువ్వు పోయి నీళ్లు పోయాల."

"పోస్తాను."

"మళ్లా తల స్నానం చేయాల."

"చేయను. విసురు."

ఆమె కొంగు తీసి విసిరింది. వేడి దిగిపోయేదాకా ఇద్దరం ఆ గోనెల మధ్య కూర్చున్నాం. ఎవరు ముందు ఏడ్చామో తెలియదు. ముఖం తుడుచుకుని నేను బయటికొచ్చాను, అలాగే వెళ్లి పిల్ల తల మీద మొదటి చెంబు పోశాను. అమ్మ గోడౌను పక్క నుంచి తొంగి చూసింది. చుట్టాల్లో ఎవరికీ అనుమానం రాలేదు.

అమ్మ ఈసారి బస్సెక్కలేదు. ఆ సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక పిల్లను వెనక వసారాలో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని, నాకు ఏం తీశారో, నా ఒంట్లో ఏమవుతోందో చెప్పాను. అర్థమైనంత అర్థమవుతుంది, కానీ దానికి తెలియకుండా ఉండకూడదనిపించింది. కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. చివరికి అమ్మమ్మ వైపు చూసి, "అవ్వకో?" అని అడిగింది. అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది.

ఆ వేడి నన్ను ఇంకో రెండేళ్లు వేధించి, క్రమంగా పలచబడింది. వెల్లూరు పరీక్షకు పోదామని మా ఆయన అన్నాడు గానీ నేను వద్దన్నాను. కుడి పక్కది ఎప్పుడు ఆగిందో, నడుమ మళ్లీ కొన్నాళ్లు పని చేసిందో, డాక్టరమ్మ చెప్పలేకపోయింది, నాకూ తెలియలేదు. కొన్ని నెలలు హాయిగా ఉండేవి, అప్పుడు ఆశ పుట్టేది. మళ్లీ ఒక మధ్యాహ్నం రవిక తడిసేది.

అమ్మకు మాత్రం అంతా చెప్పుకునే అలవాటైంది. తనకు ఆగిపోయిన ఏడాది ధర్మపురి బస్టాండులో దిగి, చేతిలో సంచీ నాకిస్తూ, చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోకుండా చెప్పేసింది. "నాకూ మొదలాయె పాపా ఆ వేడి. ఇంత ఘోరంగా ఉంటాదా?"

"ఉంటాదమ్మా" అన్నాను. నీడలో కూర్చోబెట్టి, సోడా కొనివ్వడానికి అంగడి వైపు వెళ్లాను.