ఏరిన సరుకు

ఆ వీధిలో అతన్ని అందరూ గంపగుత్త అనే పిలిచేవారు. పాత బొమ్మల కథల పుస్తకాలైనా, ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులైనా అతను మొత్తంగానే కొనేవాడు. ఏరుకోవడం అతని పద్ధతి కాదు. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లో, పెద్దవాళ్లు పోయాక అటకలు దులుపుతున్నవాళ్లో కబురు పెడితే వెళ్లి, పెట్టె మూత ఎత్తి, పైపైన చూసి మూసేసేవాడు. లోపల చెయ్యి పెట్టి ఏ ఒక్కటి బయటికి తీసినా దాని విలువ అమ్మేవాళ్లకు తెలిసిపోతుంది. కాబట్టి మంచీ చెడ్డా కలిపి గుత్తగా తీసుకోవడమే ఈ వ్యాపారంలో మర్యాద, తెలివి కూడా.

అయితే ఏ గుత్తలోనైనా సేకరించేవాళ్లు ఎగబడి కొనేవి గుప్పెడే. మిగిలినదంతా ఇంట్లోనే ఉండిపోయేది. అట్టలు ఊడినవి, పిన్నులు తుప్పుపట్టినవి, రబ్బరు బ్యాండు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయిన కార్డుల కట్టలు ముందు మంచం కిందికి చేరాయి, తర్వాత మంచం మీదికి ఎక్కాయి, ఆపైన గోడల పొడవునా పెరిగాయి. పారేద్దామంటే చెయ్యి రాదు. ఎవరి వరుసలో ఏ సంచిక తక్కువైందో ఎవరికి తెలుసు? ముందుగదిలోంచి వంటగదికి పక్కకు తిరిగి నడవాలి. మిట్టమధ్యాహ్నమైనా దీపం వెయ్యాలి.

అతని భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. అక్కడ ఆసుపత్రి ఆవరణలోనే రెండు గదుల ఇల్లు ఇస్తున్నారు. ఆమె ఒకటే మాట చెప్పింది.

"మీరు రండి. ఇది మాత్రం రాకూడదు. ఒక్క కాగితం ముక్క వచ్చినా అక్కడ నేనొక్కదాన్నే ఉంటాను."

అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక నిజంగానే గుండె తేలికపడింది. ఇదే వ్యాపారంలో తలపండిన టోకు వ్యాపారి ఒకాయనకు కబురు చేశాడు. ఆ పెద్దాయన కూడా గుత్తగానే కొంటాడు.

ప్రయాణం రోజు పొద్దున్నే పెద్దాయన లారీతో సహా వచ్చి, పొట్ట లోపలికి లాక్కుని, పక్కకు తిరిగి ముందుగదిలోకి చేరుకున్నాడు.

"ఏం తమ్ముడూ, ఇల్లు కట్టి పుస్తకాలు పెట్టావా, పుస్తకాలు పెట్టి చుట్టూ ఇల్లు కట్టావా?"

"రెండోదే అన్నయ్యగారూ," అంది భార్య వంటగదిలోంచి. "నన్ను మధ్యలో ఉంచి కట్టారు."

"ఇంకేం బెంగ లేదు చెల్లెమ్మా. కాసేపట్లో నీ గోడలు నీకు కనిపిస్తాయి. మొత్తం నాదే."

అతనికి ఊపిరి ఆడింది. పెద్దాయన పుస్తకాలేవీ విప్పలేదు. గోడవార చతికిలబడి, దొంతరల అంచుల మీద టార్చిలైటు వేశాడు. ఏళ్ల తరబడి కదలని దొంతరలో చెమ్మ మరక పైనుంచి కిందికి ఒకే చారగా దిగుతుంది. ఒక దొంతరలో ఆ చార నడుమ తెగింది: పైన వేలెడు వెడల్పున్నది, కింద ఒక్కసారిగా అరచేయంత అయింది. వెలుతురు అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడ చెయ్యి పడింది తమ్ముడూ."

"ఎలుకలేమో, అన్నా..."

"కట్టకు కట్ట ఎత్తుకుపోయిందా? మహా చదువరి ఎలుకే!"

భార్య పక్కుమంది. అంతలోనే భర్త ముఖం చూసి నవ్వు మింగేసింది. అతని చూపు గుమ్మం దగ్గర సర్దిపెట్టిన ఆమె పెట్టె మీద ఉంది. ఆమె వెళ్లి మూత ఎత్తి, తెల్ల కోట్ల మడతల కింద చెయ్యి పెడితే పుస్తకాల కట్ట తగిలింది. అతను కొన్న మొట్టమొదటి గుత్తలోని కట్ట అది. ఒక్క సంచికా తగ్గని వరుస. ఇంత సరుకులో ఎవరికి కనబడుతుందిలే అనుకుని తెల్లవారగానే లాగి దాచాడు.

"నా బట్టల్లోనా?" అంది. గొంతు పెంచలేదు.

అతను కట్టను తెచ్చి పెద్దాయన ముందు పెట్టాడు. "తప్పయిందన్నా. ఇది కూడా తీసుకో. ఇంకేదీ తియ్యలేదు, ఒట్టు."

"నమ్మాలనే ఉందిరా. దొరికింది ఇదొక్కటి, దొరకనివి ఎన్నో నాకేం తెలుసు? మంచివి ముందే ఏరిన సరుకు నువ్వైతే గుత్తకు కొంటావా? చెప్పు."

ఈ కారణంగానే ఎన్నో గుమ్మాల నుంచి అతను వెనుదిరిగి వచ్చాడు.

"కొనవు కదా. అందుకని నేనూ ఏరుకుంటాను."

పెద్దాయన ఏరుకున్నాడు. లారీ అక్కర్లేకపోయింది; చేతిసంచి సరిపోయింది. దొంతరలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

వాళ్లను తీసుకెళ్లడానికి వ్యాను వచ్చి హారను కొట్టింది.

"చిత్తుకాగితాలవాణ్ణి పిలవనా?" అందామె. "ఇప్పుడే పట్టుకుపోతాడు. ఊఁ అనండి, చాలు."

ఊఁ అనడానికే నోరు తెరిచాడు. "మంచివన్నీ పోయాయి. ఇక మిగిలింది ఇదే కదా... నువ్వు పద. దీనికి ఏదో దారి చూసి వచ్చేస్తాను."

"నా బాధ మీరు దాచుకున్నందుకు కాదండీ. నా పెట్టెలో పెట్టారు చూశారూ, అందుకు."

ఆమె పక్కకు తిరిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది. బయట డ్రైవరు గొంతు వినిపించింది.

"సారు రావట్లేదామ్మా?"

"ఆయన సామాను ఇంకా తెమల్లేదు."

ఒక్కసారి ఆమెను చూడాలనిపించింది. వీధివైపు కిటికీ అట్టపెట్టెల వెనకెక్కడో ఉంది. పై పెట్టెను దించి చేతుల్లోకి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూశాడు. నేల మీద తాను నిలబడ్డంత మేర తప్ప చోటు లేదు. వ్యాను మలుపు తిరిగిన చప్పుడు వినిపించేదాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.