చంద్రగిరిలో బోణీ

2002 ఏప్రిల్‌లో సుగుణ సినిమాకు ప్రొడక్షన్ అకౌంటెంటుగా చేరాను. షూటింగులో ఆ రోజు ఎంత ఖర్చయింది, రేపటికి ఎంత మిగిలింది అన్నది ప్రతి సాయంత్రం తేల్చి చెప్పడం ఆ ఉద్యోగం. అంతకుముందు మద్రాసు కంపెనీల్లో చాలా ఏళ్లు అదే పని చేశాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత సినిమాల ఓచర్లు తిరగేసి నేర్చుకున్నాను.

సుగుణ తిరుపతి అమ్మాయి. తండ్రి మిషను బడిలో టీచరు. బెల్లం వండే కుటుంబాల మీద ఆమె రాసుకున్న కథకు ఇక్కడ నిర్మాత దొరకలేదు. ఐరోపాలో ఒక సంస్థ మనలాంటి దేశాల్లో తొలి సినిమా తీసేవాళ్లకు డబ్బు సాయం చేసేది. సుగుణ దానికి రాసి ఒప్పించింది. తిరిగి కట్టనక్కర్లేదు, కానీ మూడు విడతలుగా ఇస్తారు. స్క్రిప్టు నచ్చితే మొదటిది, షూటింగు మొదలైతే రెండోది. పేరున్న చిత్రోత్సవంలో సినిమా తొలిసారి ఆడితే మూడోది. ఆ మూడో విడతతోనే ఇక్కడి థియేటర్లకు ప్రింట్లు వేయించాలని సుగుణ అనుకుంది.

బడ్జెట్ వాళ్ల పద్ధతిలో వేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. బత్తా అంటే ఏమిటని అడిగారు. జీతం కాక ఏ రోజుకా రోజు చేతికిచ్చే భత్యమని రాశాను. షూటింగు ఆఖరి రోజు కొట్టే గుమ్మడికాయ ఎందుకన్నారు. దిష్టికి అని రాస్తే దానికీ ఒప్పుకున్నారు. మన ఆచారాలన్నీ వాళ్లకు అర్థమవుతాయన్న ధీమా నాకు అప్పుడే కలిగింది.

సినిమాలో నటులంతా నిజంగా బెల్లం వండేవాళ్లే. ముఖ్యపాత్ర మునెమ్మది. చంద్రగిరి దగ్గర పల్లెలో పెళ్లయిన నాటినుంచీ బెల్లం పెనం ముందు నిలబడిన మనిషి.

మరుసటి ఏడాది ఒక విదేశీ చిత్రోత్సవం సినిమాను పోటీ విభాగానికి ఎంపిక చేసింది. సుగుణ ఆ ఉత్తరాన్ని నాకు ఫోన్లో రెండుసార్లు చదివి వినిపించింది. పోటీలో ఉండాలంటే అంతకుముందు ప్రజలకు ఎక్కడా ప్రదర్శించి ఉండకూడదు. నటించినవాళ్లకు ప్రివ్యూ వేసుకోవచ్చా అని అడిగితే, వేసుకోమన్నారు. సెన్సారు సర్టిఫికెట్ అప్పటికే చేతికొచ్చింది. ప్రింటు పంపే ముందు ఒక ఉదయం చంద్రగిరిలో చెంగల్రాయులు నడిపే థియేటరును అద్దెకు తీసుకున్నాను. మా వృత్తిలో ప్రివ్యూ అంటే పిలిచినవాళ్లకు ఊరికే చూపించడం. అది విడుదల కిందికి రాదు.

ఊళ్లోవాళ్లు ట్రాక్టర్ల మీద వచ్చారు. అందరినీ లోపలికి పంపుతుంటే మునెమ్మ టికెట్ల కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"ఒక టికెట్టియ్యి సెంగల్రాయులన్నా."

"నువ్వే హీరోయినివి. నీకు టికెట్టేంది మే?"

"హీరోయిన్నయితే నేలటికెట్టు వొద్దులే, బాల్కనీ ఇయ్యి."

కిటికీ దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. సుగుణ వచ్చి, ఇది ఊరికే చూసే ఆటమ్మా, లోపలికి పద అంది.

"ఊరికే సూస్తే ఇంగొకరి సినిమా అయితాది పాపా. ఎండలో నిలబడి సేసినాము. దుడ్లిచ్చే సూస్తాము."

చెంగల్రాయులు నావైపు తిరిగాడు. "ఆయమ్మ సెప్పేది నిజమేనప్పా. దేశాలు తిరగబోయే సినిమా పెట్టె. బోణీ గాకుండా ఎట్ల పంపిస్తావు?"

బోణీ అన్న మాటకు ఎదురు చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. పొద్దున మొదటి బేరం చేసిన డబ్బు కళ్లకద్దుకునే ఊళ్లు మావి. ఆయన మునెమ్మకు టికెట్టు చించి ఇచ్చాడు. ఆమె కొన్నాక మిగతావాళ్లు ఊరికే కూర్చోవడానికి ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లినవాళ్లు కూడా బయటికి వచ్చి వరుసలో నిలబడ్డారు. సుగుణ కొన్నది, నేనూ కొన్నాను. తెర మీద తనను చూసుకుని మునెమ్మ, "పాకం ముదిరిపోతా ఉండాది, దించండ్రా!" అని అరిచింది. హాలంతా ఈలలు. నా ఉద్యోగంలో అంత మంచి ఆట మరొకటి చూడలేదు.

ప్రింటుతో పాటు చిత్రోత్సవానికి ఒక ధ్రువీకరణ పంపాలి. టికెట్టు కొన్న ప్రేక్షకులకు ఈ చిత్రం చూపించారా అన్నది అందులో ఒక ప్రశ్న. హాలు తీసుకున్నది ప్రివ్యూకే కాబట్టి లేదని రాయవచ్చన్నాను.

"టికెట్టు చించినారు కదన్నా. నేనే కొన్నాను. లేదని ఎట్ల రాసేది?" అంది సుగుణ.

జరిగింది జరిగినట్టు రాసింది. బోణీ అంటే ఏమిటో కూడా వివరించింది. గుమ్మడికాయను ఒప్పుకున్నవాళ్లు వేరు, వీళ్లు వేరు. జవాబు మర్యాదగానే వచ్చింది. ఎన్ని టికెట్లన్నది కాదు, ఒక్కటి అమ్మినా అది బహిరంగ ప్రదర్శనే, పోటీలో ఉంచలేము, క్షమించండి అని రాశారు. మిగతా విభాగాల ఎంపిక అప్పటికే ముగిసింది. తర్వాత మేము అడిగిన చిత్రోత్సవాలన్నీ మొదట ఎక్కడ ఆడిందనే అడిగాయి. చంద్రగిరి అని ప్రతిసారీ సుగుణే రాసింది. ఒక్కటీ తీసుకోలేదు. మూడో విడతకు పెట్టిన గడువు దాటిపోయింది. ఇక్కడి థియేటర్లకు ప్రింట్లు పడలేదు. ఆమె ఇప్పుడు చెన్నైలో ప్రకటనలు తీస్తోంది. రెండో కథ రాసుకుంది గానీ తీయలేదు. బోణీ అయిన ఆ సినిమాకు రెండో బేరం జరగలేదు.

ఆ తర్వాత ఏ సినిమాకు పనిచేసినా, బడ్జెట్ కన్నా ముందు తొలి ప్రదర్శన ఎక్కడో, ఎవరి ఎదుటో రాసిపెట్టుకున్నాను. నిబంధనలో ఉన్న మాటకు మన అర్థం చెప్పుకోకూడదని, రాసినవాళ్లనే అడగాలని నేర్చుకున్నాను. నిరుడు పని మానేసేదాకా ఈ పద్ధతి తప్పలేదు. అయితే, మునెమ్మకు టికెట్టు లేకుండా ఆ సినిమా ఎలా చూపించగలిగేవాళ్లమో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.