వంతెన మీద ఆగే మనిషి

మా ఇంట్లో ఉబ్బసం నా ఒక్కదానిదే అని అందరూ తీర్మానించేశారు. చలిగాలి తగిలినా, నాన్నగారి కొబ్బరి కొట్లో పీచు దుమ్ము లేచినా నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మ నా వీపుకు చెవి ఆనించి "ఇవాళ బడి వద్దులే" అనో, "పరవాలేదు, వెళ్లు" అనో తీర్పు చెప్పేది. అప్పీలు లేని కోర్టు అది. నాకు ఒళ్లు మండేది.

తొంభైల్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, అమలాపురం డాక్టరుగారు నాకో ప్లాస్టిక్ గొట్టం ఇచ్చారు. నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదితే, దాని మీదున్న ముల్లు పైకి జరిగేది. ఎంత జరిగితే ఊపిరి అంత బాగున్నట్టు. రోజూ ఊది చూసుకోమన్నారు.

నాన్నగారికి అదొక ఆటవస్తువు దొరికినట్టయింది. "ఇలా తే అమ్మడూ, ఊదడవంటే ఎలాగో చూపిస్తాను" అని ఊదారు. ముల్లు నా గీత దాటి కాస్త పైన ఆగింది.

"చూసేవా! నీకంటే నాదే ఎక్కువ!" అని మీసం దువ్వుకున్నారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మళ్లీ అమలాపురం వెళ్లినప్పుడు డాక్టరుగారి దగ్గరా ఆ గొప్ప చెప్పుకున్నారు. ఆయన నవ్వలేదు. నాన్నగారి చేత మళ్లీ ఊదించి, వయసూ ఎత్తూ అడిగి, గోడకున్న పట్టిక చూశారు.

"అమ్మాయితో పోల్చుకోకూడదండి. ఎవరి ఒడ్డూ పొడుగుకి తగ్గ కొలత వాళ్లది. చిన్న బొండంలో నిండా నీళ్లున్నాయి, మీ పెద్దకాయలో సగమే ఉన్నాయి. నడుస్తుంటే ఆయాసం వస్తోందాండి?"

"అబ్బే, నాకేటండీ!"

"ఎక్కడా ఆగక్కర్లేదా?"

అప్పుడు తట్టింది నాకు. మా ఇంటికీ కొట్టుకీ మధ్య, పడవలు పోయేలా ఎత్తుగా కట్టిన కాలవ వంతెన ఉంది. దాని పిట్టగోడ మీద రోజూ ఒక పెద్దాయన కూర్చునేవారు. నాన్నగారు ఆయన దగ్గర ఆగకుండా ఏనాడూ వెళ్లలేదు. ఎంత మర్యాదస్తుడో అని ఊరంతా మెచ్చుకునేది. నేనూ మురిసిపోయేదాన్ని.

"వంతెన మీద ఆగుతారండి" అన్నాను.

నాన్నగారు గుడ్లురిమారు. "పెద్దవారిని పలకరించొద్దేటే?"

"కులాసాయేనా అని ఒక్కమాట అంటారండి. తర్వాత మాట్లాడేదంతా ఆ తాతగారే. నాన్నగారు గోడ పట్టుకుని ఆయ్, ఆయ్ అంటారంతే."

నాన్నగారు తల దించుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు భయం వేసింది. నాన్నగారికీ ఉబ్బసం ఏళ్లుగా ఉన్నట్టుందనీ, ఇలాగే వదిలేస్తే ముదిరిపోతుందనీ చెప్పి, డాక్టరుగారు పీల్చే మందు రాసిచ్చారు.

బస్సులో దారి పొడుగునా నాన్నగారిది ఒకటే పాట. "పీల్చే మందు అలవాటైతే జన్మకి వదలదంట."

"ఉబ్బసం మటుకు వదుల్తుందేంటండీ?" అన్నాను. కొన్న మందు విప్పి చూడకుండానే జేబులో వేసుకున్నారు.

ఆ సాయంత్రం అమ్మ ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి వీపుకు చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఈసారి తీర్పేమీ చెప్పలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాన్నగారు ఆవిడ వంక చూసి, జేబులోంచి మందు తీశారు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు నేను బడికీ ఆయన కొట్టుకీ కలిసి బయల్దేరాం. ఆయన కొబ్బరి ధర గురించి ఏదో చెబుతున్నారు. చెబుతూ చెబుతూనే వంతెన ఎక్కి దిగేశారు. వెనక నుంచి కేక వినిపించింది.

"ఏవండోయ్! మా మీద కోపవేటండీ? పలకరించకుండా ఎల్లిపోతన్నారు!"

నాన్నగారు ఆగి, వంతెన వైపు చూశారు. నా వైపు చూశారు. నవ్వుకుంటూ వెనక్కి తిరిగి, మళ్లీ వంతెన ఎక్కి, పెద్దాయన పక్కన కూర్చున్నారు.

ఆ రోజు మాటలన్నీ నాన్నగారివే. పెద్దాయనే ఆయ్, ఆయ్ అంటూ కూర్చున్నారు.