పారేయడం చేతకాని మామ

నేను పాసయ్యాను! బీఎస్సీ నర్సింగ్, ఫస్ట్ క్లాస్! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే!

ఫలితం చూడగానే మా మామ గుర్తొచ్చాడు. ఆయన విరుదునగర్‌లో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాడు. సెలవుకి మా ఊరు కోవిల్‌పట్టి వస్తే, అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన విరిగిన అగ్గిపుల్లల్ని కూడా ఏరి, పొయ్యి దగ్గర కట్టలు కట్టి పెట్టేవాడు.

"సుమ్మా, ఊరికే పారేస్తారా పాపా?" అనేవాడు.

"కత్తిరించిన గోళ్లు కూడా దాచిపెడ్తాడు మీ మామ," అని అత్త ఎగతాళి చేసేది.

రోగికి ఇవ్వగా మిగిలిన నొప్పి తగ్గించే మత్తుమందు పెథిడిన్‌ను థియేటర్లో పారబోయాలి. మామకు మనసొప్పలేదు. చిన్న సీసాలో కూడబెట్టాడు. మొదట నడుంనొప్పికని సూది వేసుకున్నాడు. తర్వాత నొప్పి లేకపోయినా వేసుకోకుండా ఉండలేకపోయాడు.

మదురైలో ఆసుపత్రిలో చేర్చి ఆ అలవాటు మాన్పించారు. చెమటలు, ఆవులింతలు, వాంతులు అన్నీ పడి, వేరే మందులతో మెల్లగా తేరుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, ఒంటికి అలవాటు తప్పింది, ఇక పాత మోతాదు వేసుకుంటే ఊపిరే ఆగిపోతుందని.

"ఆ సీసా పారేస్తివా?" అని అత్త అడిగింది.

"ఎప్పుడో పారేస్తిని. నువ్వు పో, కాపీ పెట్టు," అన్నాడు మామ.

పారేయలేదు. కొన్నాళ్లకే పాత మోతాదు వేసుకున్నాడు. అత్త కాఫీ తెచ్చి లేపితే లేవలేదు.

అమ్మకి చెప్పేశాను. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: అరుప్పుకోట్టై చిన్నమ్మ, ప్లస్‌టూ బయాలజీ టీచరు, హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, అత్త. నాకు ఉద్యోగం ఆపరేషన్ థియేటర్లోనే వచ్చిందని అత్తకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.