ఎగుడుదిగుడు అరల బీరువా

అమెరికాలో ఈ జార్జియా రాష్ట్రం మొత్తం గాలించినా, పాత ఫ్రెంచి సామానును గుమ్మంలోంచే పోల్చగల తెలుగువాణ్ని నేనొక్కణ్నే. అల్ఫారెట్టాలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే వెళ్లాను. మూలనున్న బీరువాను చూస్తూనే, "ఇది ఫ్రాన్సులో చేసింది, జపాను పద్ధతిలో" అనేశాను. ఇంటావిడ నోరు తెరిచి చూసింది.

అంటే, కొంచెం సాగదీశాను. నేను నిజంగా అన్నది, "వెదురు బీరువా బాగుందే" అని. ఆవిడ నవ్వి, అది వెదురు కాదనీ, మామూలు చెక్కనే వెదురు కణుపుల్లా మలిచారనీ చెప్పింది. వాళ్ల ముత్తవ్వ ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్నదట. ఆ కాలంలో అక్కడివాళ్లకు జపాను వస్తువులంటే మహా మోజట. నల్లటి లక్క పూత, దాని మీద బంగారు రంగు కొంగలు, ఒక అర పైకి, ఒక అర కిందికి. ఇదంతా నేను అప్పుడే విన్నాను. కారు ఎక్కేసరికి మాత్రం నాకు ముందునుంచే తెలుసు.

అసలు నాకు కావలసింది ఎత్తుగా ఉండే ఏదో ఒక బల్ల. కమ్మింగ్‌లో మా ఇంట్లో వంటింటి పక్క సామాన్ల గదే దేవుడి గది. మందిరం నేల మీద ఉండేది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మా ఆవిడకు కింద కూర్చోవడం కుదరలేదు. నేను దీపం వెలిగిస్తే ఆవిడ కుర్చీలోంచి దండం పెట్టేది. "మీరు వెలిగించింది మీ ఖాతాలోకే పోతుంది లెండి" అని నవ్వేది. నవ్వి, మొహం అటు తిప్పుకునేది. పెళ్లయినప్పటినుంచీ రోజూ తన చేత్తో వెలిగించుకున్న మనిషి.

బీరువా రాగానే చుట్టూ తిరిగి చూసింది.

"ఈ అరలేంటండీ ఇలా? చేసినవాడు కొలతకర్ర ఇంట్లో మరిచిపోయొచ్చాడా?"

"జపాను అందం అంటే అదే."

"మీకు జపాను ఎప్పట్నించి తెలుసు?"

అయినా కొత్త వస్తువు కదా, నాలుగు కాళ్లకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. పై అరలో వేంకటేశ్వరుడు నిలబడ్డాడు. పక్కనే కాస్త కింద అమ్మవారు. ఆ కిందనున్న పొట్టి అరలో వినాయకుడు అచ్చంగా సరిపోయాడు. ఆవిడ నిలబడే అందరినీ తుడిచి, పూలు పెట్టి, కుంది అందుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటివాళ్ల అమ్మాయి ప్రసాదం డబ్బా ఇవ్వడానికి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, మ్యూజియంలో పని చేస్తుంది.

"ఆంటీ, ఆగండి. ఇది ఓల్డ్ లాకర్ కోటింగ్, ఈ బ్లాక్ లక్క. ఫ్లేమ్ దగ్గర పెడితే బబుల్స్ వస్తాయి. టర్మరిక్ కూడా తుడిచేయండి, స్టెయిన్ అవుతుంది."

"దీపం లేకుండా దేవుణ్ని ఎలా ఉంచనమ్మా?"

"అంటే, డిస్‌ప్లే లాగా ఉంచుకోవచ్చు కదా ఆంటీ."

 మా ఆవిడ కుంది కింద పెట్టేసి, పసుపు తుడవడానికి గుడ్డ కోసం వెతికింది. ఆ చేతుల్లోని తొందర నేను చూడలేకపోయాను. వెంటనే గుడ్డ లాక్కుని, "లక్క పోతే పోయింది, కొంగలు ఎగిరిపోతే పోయాయి, నువ్వు దీపం వెలిగించు" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని వెలిగించింది.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. కూర తరుగుతూ, తల ఎత్తకుండానే అంది:

"మీరెప్పుడన్నారండీ ఆ మాట? స్టోర్‌కి డ్రైవ్ చేసుకెళ్లి బ్యాటరీ దీపం కొనుక్కొచ్చారు. దాన్ని డ్రాయర్‌లో పడేసి, ఇత్తడి పళ్లెంలో కుంది పెట్టి వెలిగించింది నేను. అది కొండెక్కేదాకా మీరు విసనకర్ర పట్టుకుని, ఆ కొంగలకి విసురుతూ నిలబడ్డారు."